వినుటయు నొక విద్య: అమెరికా వాగ్గేయకారుల సభాగానము

పాటను జదువుట యొకటి. పాటను వినుట యొకటి. పాడుచున్న మనుష్యుని యెదుట గూర్చుండి వినుట మఱియొకటి. మొదటిదానికి గన్నులు చాలును. రెండవదానికి జెవులు చాలును. మూడవదానికి మాత్రము మర్యాద కూడ గావలెను. ఈ మూడవదానిని గుఱించి కొన్ని మాటలు చెప్పవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను. ఉదాహరణములను మన దేశమునుండి గాక యమెరికానుండి తీసికొనుటకు గారణము గలదు. త్యాగరాజ క్షేత్రయ్యల యెడ మనకు ముందే భక్తి యున్నది. భక్తి నిండినచోట బరీక్షకు దావు తక్కువ. పరిచయము లేనివాని పాటను వినునప్పుడే మన వినికిడి యెంతటిదో మనకు దెలియవచ్చును.

నేను అమెరికాకు బోయినవాడను గాను. హ్యూస్టను నగరమున నుద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యు డొకడు, ఆ యూరి మద్యశాలలో నొకనాడు పాడబడిన పాటల రికార్డును నాకు బంపి, ‘మీకు నచ్చునో నచ్చదో వ్రాయుడు’ అని కోరెను. నేను పరీక్షపత్రములు దిద్దుకొనుచు వింటిని. నచ్చలేదు. గొంతులో మాధుర్యము లేదు, గమకము లేదు, గిటారు మొదటినుండి తుదిదాక నొకే తీరున నడచుచున్నది. ‘ఇది గానము గాదు, కథకు దంతివాద్యము తగిలించుట’ అని తీర్పు చెప్పి మఱల పత్రములలో మునిగితిని. ప్రక్కగదిలో జదువుకొనుచున్న మా అమ్మాయి వచ్చి, “నాన్నా, ఆ పిల్ల చచ్చిపోయిందని చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు మారలేదెందుకు?” అని యడిగెను. నేను పాటలో బిల్ల యున్నదనియే యెఱుగను. ఆ రాత్రి యా పాటను మూడుమాఱులు వింటిని. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు నే నిచ్చుకొన్న సమాధానము.

ముందుగా నీ గానసంప్రదాయ మెట్టిదో చెప్పవలెను. అమెరికా పల్లెపాటలు, ‘కంట్రీ’ యను గ్రామసీమల గానము, నల్లవారి ‘బ్లూస్’ పాటలు, క్రైస్తవ దేవాలయములలోని భజనగీతములు, ఇవన్నియు గలసి ప్రవహించిన యేటికి నిటీవల ‘అమెరికానా’ యని పేరు పెట్టిరి. ఆ పేరిట నొక సంఘము 1999లో నేర్పడెను. గ్రామీ బహుమానములలో 2010లో దానికొక ప్రత్యేకవిభాగము గలిగెను. పేరు క్రొత్తది గాని వస్తువు ప్రాతదే. ఓక్లహోమాలో 1912లో బుట్టిన వుడీ గథ్రీ, ధూళితుపానులచే భూములు కోల్పోయిన రైతుల కష్టములను గట్టి పాడిన నాటికే దీని స్వరూపము నిలిచెను. ఈ గాయకులలో బెక్కురు మాటలను దామే వ్రాసికొందురు, వరుసను దామే కట్టుకొందురు, తామే పాడుదురు. మన సంగీతశాస్త్రము మాటకు మాతువనియు, వరుసకు ధాతువనియు బేరు పెట్టి, రెంటిని సమకూర్చువానిని వాగ్గేయకారు డన్నది. కనుక వారిని మన మీ పేరుతోనే పిలువవచ్చును. ఇట్టివారి రచన సాహిత్యమగునా యను వివాదము 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్ బహుమాన మిచ్చినప్పుడు లోకమంతట జెలరేగెను. అన్నమయ్య పదములను సాహిత్యముగా జదువుకొనువారి కా వివాదము వింతగా దోచును.

ఇచట నొక పూర్వపక్షము. ‘ఎదుట గూర్చుండి వినుటను గుఱించి చెప్పెదనని చెప్పి, రికార్డును విని వ్రాయుచున్నావేమి?’ అని చదువరు లడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. రికార్డు ప్రత్యక్షముగాదు. కాని రికార్డులలో రెండు తెగలు గలవు. మూసిన గదిలో, తప్పు వచ్చినచో మఱల పాడి, పదివాద్యములు చేర్చి తయారు చేసినది యొకటి. సభలో బాడినది పాడినట్లు పట్టుకొన్నది రెండవది. రెండవదానిలో గాయకుడు మాత్రమే కాదు, శ్రోతలును వినబడుదురు. వారి నవ్వు వినబడును, గ్లాసుల చప్పుడు వినబడును. అంతకంటె ముఖ్యముగా, వారి నిశ్శబ్దము వినబడును.

నాకు వచ్చిన రికార్డు రెండవ తెగకు జెందినది. గాయకుడు టౌన్స్ వాన్ జాంట్. ఆయన టెక్ససు రాష్ట్రమున ఫోర్టువర్తు పట్టణమున 1944లో బుట్టి, 1997 జనవరి 1వ తేదీన మరణించెను. 1973 జూలైలో హ్యూస్టనులోని ‘ఓల్డ్ క్వార్టర్’ అను చిన్న మద్యశాలలో నాయన పాడిన పాటలను బట్టి, 1977లో రెండు పళ్లెముల రికార్డుగా వెలువరించిరి. అది పాటతో మొదలు గాదు. ఒక చిన్న ప్రకటనతో మొదలగును. తరువాత నొక మనుష్యుడు, ఒక గిటారు. అంతే. ఈ పాటలలో గొన్నిటిని నాయన యంతకు ముందే స్టూడియోలలో బాడియుండెను. ఆ తొలి రికార్డులలో వాద్యములు పెక్కు చేరి మాటను మూసివేసినవి. నగలబరువుచే ముఖము కనబడని పెండ్లికూతురువలె నుండెను పాట. మద్యశాలలో నా నగలు లేవు. పాట ముఖము కనబడినది.

మా అమ్మాయి యడిగిన పాట పేరు ‘టెకంసే వాలీ’. గనిలో బనిచేయు నొకని కూతురు కరొలైన్ పని వెదకికొనుచు నొక యూరికి వచ్చును. అచటి మద్యశాలలో బని దొరకును. శీతకాలము గడచి వసంతము రాగానే, కూడబెట్టిన సొమ్ముతో నింటికి బోవలెనని యామె యాశ. ఇంతలో దండ్రి మరణించినట్లు వార్త వచ్చును. పిదప నామె వీధులపాలగును. తుదకు మద్యశాల మెట్లక్రింద శవమై కనబడును. చేతిలో దన లోయకు వీడ్కోలు చెప్పు చీటి యుండును. కథ యింతియే.

ఇట్టి కథ మన సంస్కరణరచనలలో వచ్చెనేని, నాలుగు పుటల యుపన్యాసము తప్పదు. పతితలను గుఱించి జాలి, సంఘమును గుఱించి కోపము, చదువరులకు హెచ్చరిక, యన్నియు గ్రమముగా రావలెను. నేనును నట్టివి వ్రాసినవాడనే. కాబట్టి పరులను నిందించుట లేదు. వాన్ జాంట్ ఉపన్యసింపడు. ఆమె యూరికి వచ్చినదని చెప్పిన గొంతుతోడనే, ఆమె చనిపోయినదని చెప్పును. గిటారు వ్రేళ్ల నడక మాఱదు. వేగము మాఱదు. మొదట నిది నాకు జడత్వముగా దోచినది. మూడవమాఱు వినునప్పుడు దీని రహస్యము దెలిసినది. ఊరి వారికి గరొలైన్ వచ్చుటయు బోవుటయు నొక్కటియే. ఆ యుదాసీనతయే యామెను జంపినది. ఏడ్వవలసినవా డెవడును పాటలో లేడు. కనుక నేడ్చుటకు మిగిలినవాడు వినువాడే. రసము పుట్టవలసిన చోటు నటుని ముఖము గాదు, సహృదయుని హృదయమని మన యాలంకారికు లెంతో వాదించి స్థాపించిరి. ఆ సిద్ధాంతమును నేను పాఠశాలలో నిరువదియేండ్లు బోధించితిని. దానికి నుదాహరణమును మాత్రము మా అమ్మాయి ప్రశ్నవలన గనుగొంటిని.

ఇంకొక విశేషము. ఆ సభలో దుఃఖగీతములనడుమ నాయన హాస్యములు చెప్పును, వేళాకోళపు పాటలు పాడును. కాగితముమీద నీ కలయిక యనౌచిత్యముగా దోచును. సభలో నది యవసరము. నవ్విన గుండె మెత్తబడును. మెత్తబడినదానిపై మఱుసటి పాట లోతుగ నాటుకొనును. పాటల క్రమమును గూర్చుకొనుట కూడ రచనయే. దీనిని విడివిడి పాటలను వినువాడు గ్రహింపలేడు; సభను మొదటినుండి తుదిదాక వినువాడే గ్రహించును.

ఇక రెండవవాడు జాన్ ప్రైన్. ఇతడు షికాగో దాపున మేవుడ్ అను నూర 1946లో బుట్టెను. సైన్యమున గొంతకాలము పనిచేసి, తిరిగివచ్చి, యింటింటికి నుత్తరము లందించు పోస్టుమానుగా నుండెను. నడచుచు బాటలు కట్టుకొనువాడు. షికాగోలోని యొక చిన్న పానశాలలో దొలిసారి పాడిన రాత్రినిగూర్చి యాయన తానే చెప్పిన కథ యొకటి కలదు. ఆయన ‘శామ్ స్టోన్’ అను పాటను ముగించెను. అది యుద్ధమునుండి గాయములతో వచ్చి, మత్తుమందునకు బానిసయై, యాలుబిడ్డలను నిరుపేదలను జేసి మరణించిన సిపాయి కథ. ముగించినను జప్పట్లు లేవు. సభ కదలలేదు. పాట చెడినదని తలచి, యాయన పాదములు కదల్చుకొనుచు దిక్కులు చూడసాగెను. కొంత సేపటికి గాని కరతాళధ్వనులు మొదలు గాలేదు. ఆ నిశ్శబ్దము తిరస్కారము గాదు. వినినవారు పాటలోనుండి వెలుపలికి వచ్చుటకు బట్టిన కాలము.

అప్పటి కాయన పేరెవరికిని దెలియదు. 1970 అక్టోబరులో షికాగో పత్రికకు జలనచిత్రవిమర్శలు వ్రాయు రోజర్ ఈబర్ట్, ఆ పానశాలకు బోయి విని, యాయననుగూర్చి మొదటి సమీక్ష వ్రాసెను. గాయకుడు వేదిక నెక్కుటలోని వినయమును, ఒకటి రెండు పాటలు ముగియునప్పటికి ద్రాగినవారు సయితము మాటలు వినసాగుటను నా సమీక్ష వర్ణించుచున్నది. విమర్శకులకు నిది యొక పాఠము. ఈబర్ట్ సంగీతవిమర్శకుడు గాడు. స్వరజ్ఞానమును బ్రదర్శింపలేదు. ఏమి జరిగినదో చూచి, చూచినది చెప్పెను. మఱుసటి యేడే ప్రైన్ తొలి రికార్డు వెలువడెను.

ఆయన పాటలలో ముసలి దంపతులను గుఱించిన ‘హలో ఇన్ దేర్’ ప్రసిద్ధమైనది. పిల్లలు దూరమైరి, ఒక కుమారుడు కొరియా యుద్ధమున బోయెను, భార్యాభర్తలకు మాటలు తగ్గినవి. పాట కోరునది యొక్కటియే: దారిలో ముసలివారు కనబడిన బలుకరింపుడని. దీనిని గట్టిననాటికి గవికి నిరువదియైదేండ్లు నిండలేదు. తరువాత 1998లో మెడలోని క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, యాయన గొంతు బొంగురుపడి దిగిపోయెను. పాతపాటలను దిగువశ్రుతిలో బాడవలసి వచ్చెను. సంగీతమును మాధుర్యముతో మాత్రమే కొలుచువా డిచట నష్టమును జూచును. కాని యరువదియేండ్లు దాటినవాడు, బొంగురుగొంతుతో, తాను యువకుడై వ్రాసిన ముసలివారి పాటను బాడుచుండగా, పాట తన గొంతును దాను వెదకికొన్నట్లు తోచును. మాట మాఱలేదు, వరుస మాఱలేదు. పాడువాడు పాటలోనికి బ్రవేశించినాడు. ఇట్టి యర్థము కాగితముమీద లేదు, తొలి రికార్డులోను లేదు. అది సభాగానమునకే చెందిన యర్థము.

2005లో నమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు, ఆస్థానకవి టెడ్ కూసర్ పూనికతో, ప్రైన్‌ను బిలిపించి పాడించిరి. పోస్టుమాను కవుల సభలో గూర్చుండెను. 2020 ఏప్రిల్ 7వ తేదీన, కరోనా వ్యాధిచే నాయన మరణించెను. ఆ నెలలలో లోకమున సభలన్నియు మూతపడియుండెను. పాడువా డెదుటనుండుట యెంతటి భాగ్యమో మనకు దెలిసిన కాలమున నాయన పోయెను.

గాయకులను విడిచి, యిక వినువారి సంగతి చూతము. టెనెసీ రాష్ట్రమున నాష్‌విల్ నగరమందు ‘బ్లూబర్డ్ కఫే’ యను చిన్న భోజనశాల యొకటి కలదు. 1982లో దానిని ఎమీ కర్లండ్ అను నామె తెఱచెను. అంగళ్ల వరుసలో నొక దుకాణము. కూర్చుండుటకు దొంబదిమందికి మాత్రమే చోటు. 1985 మొదలు నచట నొక పద్ధతి యేర్పడినది. నలుగురు రచయితలు వేదిక నెక్కక, గది నడుమ నెదురెదురుగా గూర్చుందురు. చుట్టును శ్రోతలు. ఒక్కొక్కరు వంతున దమ పాట పుట్టిన విధమును జెప్పి పాడుదురు. ఇతరులు వినుచు నడుమనడుమ దోడుపాడుదురు. అచట మాటలాడువారికి ‘ఉష్’ అని హెచ్చరిక తప్పదు. ఆ శబ్దమే యాస్థలమునకు బిరుదైనది. ఈ పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది, రచయితలే యొండొరులకు శ్రోతలగుట. తోడివాని పాటను మొగము చిట్లింపక వినగల కవి మన సభలలో నెందఱున్నారో పాఠకులే లెక్కించుకొందురు గాక.

వినుట చేతగాని సభ కూడ నొక మేలు చేసినది. 2008లో నొక యమెరికా పానశాలలో లారా గిబ్సన్ అను గాయని పాడుచుండగా, జనుల సందడిలో నామె గొంతు వినబడలేదు. వినవచ్చిన రేడియో విలేకరులు విసిగి, ‘మా కార్యాలయమునకు వచ్చి మేజావద్ద బాడు’ మని పరిహాసమున ననిరి. ఆమె వచ్చి పాడెను. ‘టైనీ డెస్క్’ అను పేర నేడు లోకమంతయు జూచు గానసభల కదియే మొదలు. ప్రైన్ సయితము 2018లో నా పుస్తకముల బీరువాల నడుమ నిలిచి పాడెను.

ఈ సంగతులు చదువుచుండగా నాకొక సిగ్గు గలిగినది. దాచుట యుచితముగాదు. కొన్నియేండ్ల క్రిందట మా బంధువుల యింట బెండ్లికి, పల్లెనుండి యొక వృద్ధుని బాడుటకు బిలిపించిరి. ఆయన తంబురా పట్టి పందిరిలో నొక మూల గూర్చుండి పాడెను. నేను తోడి యుపాధ్యాయులతో విద్యావిధానమును గుఱించి గట్టిగా వాదించుచుంటిని. నడుమ నొకమాఱాయన పాట నాపి మావంక జూచి, మఱల నందుకొనెను. మేము వాదమును మానలేదు. ఆయన పాడినదేదో నాకు దెలియదు. తాగినవారు సయితము విన్నారని యీబర్ట్ వ్రాసినది చదివినప్పుడు, ఏమియు ద్రాగకయే వినని నా సంగతి గుర్తునకు వచ్చినది.

మూడవ ఉదాహరణము రియానన్ గిడెన్స్. ఈమె ఉత్తర కరొలైనాకు జెందినది. పాశ్చాత్య శాస్త్రీయగానమును గళాశాలలో నభ్యసించినది. పిదప, ఫిడేలు వాయించు వృద్ధుడు జో థాంప్సన్ వద్ద దన తోడివారితో గూర్చుండి, నల్లవారి పల్లెసంగీతమును నేర్చుకొన్నది. బాంజో తెల్లవారి వాద్యమని జను లనుకొనుచుందురు. దాని పూర్వరూపములు ఆఫ్రికానుండి బానిసలుగా దేబడినవారితో వచ్చినవి. గిడెన్స్ 1858 నాటి నమూనాను బోలిన, మెట్లులేని బాంజోను వాయించును. 2017 నాటి యామె పాటల సంపుటములో నొకపాట, బానిసస్త్రీని విక్రయించుటకు బత్రికలో వేసిన ప్రకటననుండి పుట్టినది. ఆ స్త్రీకి దొమ్మిదినెలల బిడ్డ కలదనియు, బిడ్డను గూడ గొనుట కొనువాని యిష్టమనియు నా ప్రకటన. ‘కొనువాని యిష్టము’ అను నా మాటయే పాటకు బేరైనది. సభలో నామె ముందుగా నా ప్రకటన సంగతి చెప్పును. పిదప దల్లి గొంతుతో బాడును. నేను పైన నుపన్యాసమును నిందించితిని గదా యందురేమో. భేద మిది. గిడెన్స్ చెప్పునది తీర్పుగాదు, సాక్ష్యము. సాక్ష్యమును విన్న సభకు దీర్పు చెప్పనక్కఱలేదు. ఈమెకే 2023లో ‘ఒమర్’ అను సంగీతనాటకమునకు, మైకేల్ ఏబెల్స్‌తో గూడ, పులిట్జరు బహుమానము లభించినది.

మెచ్చుకొనుటయే విమర్శగాదు గనుక లోపములను గూడ జెప్పెదను. మొదటిది, ఈ గానమున దఱచు ప్రక్కప్రక్క పాటలు నొకే నడకన సాగును. వ్యక్తమైన భావము లేనినాడు సాదాతనము వట్టి పేదతనమగును. నలిగిన టోపీ, మాసిన చొక్కా తొడిగికొని, చూడని గనులను గుఱించి పాడు ననుకర్తలు పెక్కుమంది యున్నారు. రెండవది, వాన్ జాంట్ త్రాగుడుచే గృశించి, యేబదిరెండేండ్లకే పోయెను. ఆ త్రాగుడునుండియే కవిత్వము పుట్టినదని చెప్పుకొను మూఢభక్తు లున్నారు. ఇది యబద్ధము, హానికరము. మద్యము పాటను బుట్టింపలేదు; పుట్టవలసిన పాటలను బుట్టనీయలేదు. ప్రైన్ రెండుమాఱులు క్యాన్సరును దాటి, డెబ్బదియేండ్లు దాటినపిమ్మట సయితము క్రొత్తపాటలు కట్టుట దీనికి బ్రతిసాక్ష్యము. మూడవది, దేశమంతటి పేరు పెట్టుకొన్న గానము నల్లవారి కందు గల పాలును జిరకాలము మఱచుట. గిడెన్స్ వంటివారు పాడి యా మఱపును సరిదిద్దుచున్నారు.

ఇంట నీ పాటలను వినగోరు గృహస్థులకు నా యనుభవమునుండి యొకటి రెండు మాటలు. పాటను బనికి దోడుగా బెట్టుకొనకుడు. పనిని గాసేపు మానుడు. విడిపాటలను గాక యొక సభను మొదటినుండి తుదిదాక వినుడు. భాష తెలియనిచోట ముందు కథను దెలిసికొనుడు. గొంతు తీయగా నున్నదా యని మొదటనే యడుగకుడు. ఈ మాటను జెప్పుట కీ గొంతు తగినదా యని యడుగుడు. ప్రేక్షకుడు తుష్టిలో దుష్టిని, శోకములో శోకమును బొందవలెనని భరతముని చెప్పెను. ఆ యోగ్యతకు మొదటిమెట్టు నోరు మూసికొనుట.

మా యింట నిపుడు ఆదివారపు సాయంకాలమున టెలిఫోనులను బెట్టెలో బెట్టి, యొక గంటసేపు వినుట యలవాటైనది. మొన్న ‘టెకంసే వాలీ’ ముగిసినపిమ్మట మా అమ్మాయికి నేను నా సమాధానము నంతయు జెప్పితిని. ఆమె విని, “అయితే ఆ ఊళ్లో ఒక్కరైనా ఆమెను పలకరించి ఉంటే పాటే ఉండేది కాదు, కదా నాన్నా?” అనెను. నాకు వెంటనే పందిరిమూల గూర్చున్న వృద్ధుడు జ్ఞప్తికి వచ్చినాడు. ఆ పెండ్లివారిని విచారించితిని. ఆయన పేరు వారికిని దెలియదట.